గిజిగాడి ఇంట్లో డేగ

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినబడుతోందా? మంచిది.

ముందు వరసలో ఉన్న బాబూ, ఈ కోడిగుడ్డు పట్టుకో. అరచేతిలో పెట్టుకుని బరువు చూసి పక్కవాళ్ళకి ఇవ్వు. అలా వెనకదాకా వెళ్ళనివ్వండి. యాభై, అరవై గ్రాములుంటుంది. ఈ సాయంత్రం నేను మాట్లాడబోయే డేగ మొత్తం బరువు అంతే. ముక్కు, గోళ్ళు, రెక్కలు, కోపం, అన్నీ కలిపి ఒక్క కోడిగుడ్డు. పొడవు ఇరవై సెంటీమీటర్లు. మన గోరింక కంటే కాస్త పొట్టి, తూకంలో దానికి సగం. ఆఫ్రికా ఖండం మొత్తంలో పగలు వేటాడే పక్షుల్లో ఇంతకంటే చిన్నది లేదు. అదే నేల మీద ఎగిరే మార్షల్ ఈగిల్ అనే పెద్ద గద్ద ఆరు కిలోల దాకా తూగుతుంది. దీనికి వంద రెట్లు. పుస్తకాల్లో దీని పేరు ఆఫ్రికన్ పిగ్మీ ఫాల్కన్. మనకి నోరు తిరిగేట్టు నేను బుల్లి డేగ అంటాను.

నేను పుట్టి పెరిగింది ఈ కొత్తగూడెంలోనే అని మీలో చాలామందికి తెలుసు. ఇక్కడి ఓపెన్‌కాస్టు బొగ్గు గనుల్లో కొన్నాళ్ళు పనిచేసి, తర్వాత దక్షిణాఫ్రికాలో కాతు అనే ఊరికి వెళ్ళాను. ఇనుప ఖనిజం తవ్వే గని ఊరు అది. ఆ ఖనిజం 861 కిలోమీటర్ల రైలు మార్గం మీద సల్దాన్యా రేవుకి వెళ్తుంది. పదకొండేళ్ళు అక్కడున్నాను. వారమంతా గని దుమ్ములో ఉండి, ఆదివారం పొద్దున్నే బైనాక్యులర్ మెడలో వేసుకుని బయల్దేరేవాణ్ణి. పదకొండేళ్ళ ఆదివారాల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క పిట్టకే పోయాయి. నాకు ఆ బాధేమీ లేదు.

ముందు ఆ నేల సంగతి చెప్పాలి. లేకపోతే ఆ పిట్ట మీకు కనపడదు.

కలహారి ఎడారి అని మనందరం సాంఘిక శాస్త్రంలో చదువుకున్నాం. నేనూ ఇసుక దిబ్బలే ఊహించుకుని దిగాను. దిగి చూస్తే ఎర్రటి ఇసుక ఉన్నమాట నిజమే, కానీ దాని మీద మోకాలెత్తు గడ్డి, ఆ గడ్డిలో విడివిడిగా గొడుగుల్లా పరుచుకున్న చెట్లు. కనుచూపు మేర అదే. దీన్నే సవానా అంటారు. కాతులో సాలుకి 400 మిల్లీమీటర్ల లోపే వాన. మన అనంతపురం జిల్లాకి 550 దాకా పడుతుంది, కాబట్టి మీరే లెక్కేసుకోండి. ఎండాకాలం నలభై దాటుతుంది. చలికాలం, అంటే మనకి జూన్, జులై, రాత్రిపూట సున్నా కిందికి దిగుతుంది. పొద్దున కారు అద్దం మీద మంచు గీకి ఆఫీసుకి వెళ్ళిన రోజులున్నాయి.

ఆ చెట్లు చూడగానే నాకు మన ఊరు గుర్తొచ్చింది. కారణం ఏమిటంటే అవి తుమ్మలు. మన నల్లతుమ్మకి దగ్గరి చుట్టాలు. అవే ముళ్ళు, అవే చిన్న చిన్న ఆకులు, బంతిలా గుండ్రంగా ఉండే అదే పసుపు పువ్వు. కాయ మాత్రం చెవి ఆకారంలో, బూడిద రంగులో, ముట్టుకుంటే ముఖమల్ గుడ్డలా ఉంటుంది. ఇంగ్లీషులో దాన్ని క్యామెల్ థార్న్, ఒంటెముల్లు అంటారు. ఆ దేశంలో ఒంటె ఎక్కడిది? ఆఫ్రికాన్స్ భాషలో జిరాఫీని కమీల్‌పర్డ్ అంటారు. జిరాఫీ తినే ముల్లచెట్టు గనక కమీల్‌డోరింగ్ అన్నారు. ఇంగ్లీషువాళ్ళు ఆ కమీల్‌ని క్యామెల్ అనుకున్నారు. అలా జిరాఫీ తుమ్మ కాస్తా ఒంటె తుమ్మ అయి కూర్చుంది. నేనీరోజు జిరాఫీ తుమ్మ అనే అంటాను, ఆ చెట్టుకి దాని పేరు దానికివ్వాలి కదా.

ఇంకోమాట, గని మనిషిని కాబట్టి చెప్పకుండా ఉండలేను. అక్కడే షెపర్డ్స్ ట్రీ అని తెల్లటి మాను ఉండే చిన్న చెట్టు ఉంది. కలహారిలో నీళ్ళ కోసం బోరు వేస్తుంటే 68 మీటర్ల లోతున ఆ చెట్టు వేరు తగిలింది. ఇరవై అంతస్తుల లోతు. పైన చెట్టు చూస్తే మన ఇంటి ముందు జామచెట్టంత ఉంటుంది. ఆ నేల మీద బతకడం అంటే ఏమిటో ఆ వేరు చెబుతుంది.

సరే, మొదటిసారి చూసిన రోజు. జూన్ నెల, పొద్దున ఏడు దాటింది. ఊరికి దూరంగా మట్టిరోడ్డు పక్కన ఒక జిరాఫీ తుమ్మ. దాని కొమ్మల్లో ఎవరో వరిగడ్డి వామి ఎత్తి పెట్టినట్టుంది. నిజంగా అలాగే అనుకున్నాను, పశువులకి అందకుండా రైతెవరో గడ్డి పైన దాచాడని. దగ్గరికి వెళ్ళి కింద నిలబడి తలెత్తితే, ఆ వామి అడుగంతా తేనెపట్టులా రంధ్రాలు. ఒక్కో రంధ్రం నా పిడికిలి పట్టేంత. ప్రతి రంధ్రంలోంచీ గోధుమ రంగు పిట్టలు బయటికి దూకుతున్నాయి, లోపలికి దూరుతున్నాయి. గడ్డం కింద నల్ల మచ్చ, వీపు మీద పొలుసుల గీతలు. ఒకటే గోల. పొద్దున పూట రైతుబజారు ఎలా ఉంటుందో అలా.

అవి సోషబుల్ వీవర్లు. మన గిజిగాడి కుటుంబమే. కాకపోతే మన గిజిగాడు ఏం చేస్తాడు? మగపిట్ట ఈతచెట్టుకో, బావి మీదికి వంగిన తుమ్మకో పచ్చి నారతో గూడు అల్లుతాడు. సగం అల్లి ఆడపిట్టకి చూపిస్తాడు. నచ్చితే కాపురం, లేకపోతే ఆ గూడు అలాగే వేలాడుతూ ఉండిపోతుంది. వానాకాలం అయిపోతే ఆ ఊరే ఖాళీ. ఈ కలహారి గిజిగాళ్ళు అలా కాదు. ఇవి అల్లవు. ఎండు గడ్డిపోచల్ని ఒక్కొక్కటిగా తెచ్చి గుచ్చుతాయి. మా తాత పూరింటి కప్పు వేసేటప్పుడు బోదగడ్డి పరిచి చూరు దిగేసేవాడు, అచ్చం ఆ పని. పైన అందరికీ కలిపి ఒక్కటే కప్పు, కింద ఎవరి గది వాళ్ళది. గదిలోకి వెళ్ళే దారిలో గడ్డిమొనలు బయటికి తిరిగి ఉంటాయి, చెయ్యి పెడితే గుచ్చుకుంటుంది. లోపల గది మాత్రం మెత్తటి గడ్డితో, దూదితో పరిచి ఉంటుంది. ఏడాది పొడవునా ఈ పని నడుస్తూనే ఉంటుంది. కప్పు పని ఎక్కువగా చేసేవి మగపిట్టలు, అవీ ఒకదానికొకటి దగ్గరి బంధువులు. తాత కట్టిన దానికి మనవడు గడ్డి వేస్తాడు. వందేళ్ళు దాటి నిలిచిన గూళ్ళు ఉన్నాయి. కొన్నిటి బరువు టన్నుకి చేరుతుంది. వందల పిట్టలు ఒకే కప్పు కింద. ఒక్కో పిట్టేమో ముప్పై గ్రాములు.

ఆ గూటికి కాస్త పక్కన ఎండుకొమ్మ చివర తెల్లగా ఏదో ముద్ద కనపడింది. దూది ఉండలా. బైనాక్యులర్ పెట్టాను. ముద్ద తల తిప్పి నన్ను చూసింది.

తెల్లటి ఛాతీ, బూడిద రంగు వీపు, మెడ వెనక తెల్లటి పట్టీ. కంటి చుట్టూ ఎర్రటి వలయం, ఎర్రటి కాళ్ళు. ఆ చిన్న ముఖంలో వంపు తిరిగిన డేగ ముక్కు. నేను కదలకుండా నిలబడ్డాను. అది తల కిందికీ పైకీ ఆడించింది, తోక పైకీ కిందికీ ఊపింది, మళ్ళీ తల. ఎదురుగా ఉన్నది ఎంత దూరంలో ఉందో లెక్క కడుతున్నట్టు. కాసేపటికి ఇంకోటి వచ్చి పక్కన వాలింది. దీని వీపు ఇటుక రంగు, మంచి ముదురు చాక్లెట్ ఎరుపు. ఇటుక వీపు ఆడది, బూడిద వీపు మగది. పక్షి ఎంత దూరంలో ఉన్నా వీపు కనపడితే చాలు, ఆడో మగో చెప్పేయొచ్చు. డేగల్లో ఇంత తేలిక తక్కువ.

ఉన్నట్టుండి మగది కొమ్మ వదిలేసింది. ఎగరలేదు, రాయి జారినట్టు పడింది. గడ్డిలో ఒక్క క్షణం రెక్కలు కొట్టుకున్నాయి. పైకి లేచేటప్పటికి కాళ్ళలో బల్లి. మన నలికీచు లాంటిది, నున్నటి ఒళ్ళు. కొమ్మ మీద కూర్చుని మెడ దగ్గర ముక్కుతో ఒక్కసారి కొరికింది, బల్లి తోక ఆడటం ఆగిపోయింది. తర్వాత దాన్ని ఆడదానికిచ్చింది. ఇచ్చేటప్పుడు రెండూ తలలు ఆడించుకున్నాయి. అంతా కలిపి రెండు నిమిషాలుండదు. నేను అక్కడి నుంచి కదిలింది పదకొండు గంటలకి.

అలా మెడ కొరకడం ఫాల్కన్ల లక్షణం. గద్దలు కాళ్ళతో నొక్కి, గోళ్ళు దించి చంపుతాయి, ఫాల్కన్లు ముక్కుతో పని ముగిస్తాయి. చూడటానికి రెండూ ఒకే జాతిలా ఉంటాయి కాబట్టి పాతకాలం శాస్త్రవేత్తలు రెంటినీ ఒకే కొట్టులో వేశారు. 2008లో పక్షుల జన్యువులు పెద్ద ఎత్తున పోల్చి చూసినప్పుడు తేలిందేమిటంటే, ఫాల్కన్‌కి గద్ద దూరపు మనిషి, రామచిలుక దగ్గరి చుట్టం. పిచ్చుకలూ గిజిగాళ్ళూ ఉండే పాటపిట్టల గుంపు కూడా గద్ద కంటే దగ్గరే. అంటే ఆ చెట్టు మీద నేను చూసినవి రెండు వైరి వర్గాలు అనుకున్నాను, వంశవృక్షం తీస్తే బంధువులే.

ఈ ఫాల్కన్లకి ఇంకో లక్షణం ఉంది, అసలు కథంతా దాని మీదే నడుస్తుంది. ఇవి గూడు కట్టవు. కొండ చరియ మీద గుడ్లు పెట్టేది ఒకటి, కాకి వదిలేసిన గూట్లో పెట్టేది ఇంకోటి. మన బుల్లి డేగకి కలహారిలో గిజిగాడి గదే దిక్కు. గుడ్లు పెట్టడానికి మాత్రమే కాదు. ఏడాది పొడవునా ప్రతి రాత్రీ అక్కడే పడుకుంటుంది. పుట్టేది ఆ గదిలోనే, తన పిల్లల్ని పెంచేదీ అలాంటి గదిలోనే. తన జీవితంలో ఒక్క గడ్డిపోచ కూడా తెచ్చి పెట్టదు.

"చీమలు పెట్టిన పుట్ట పాములకు ఇరవైనట్టు" అని మన పెద్దవాళ్ళంటారు కదా, మొదటి ఏడాది నాకు ఆ మాటే మనసులో మెదిలేది. కష్టం ఒకడిది, సుఖం ఇంకొకడిది. నిజం చెప్పాలంటే ఆ డేగల మీద కొంచెం కోపం కూడా వచ్చేది. చూడగా చూడగా ఆ సామెత ఇక్కడ పూర్తిగా కుదరదని తెలిసింది. పాము వస్తే చీమలు పుట్ట వదిలి పోవాలి. ఇక్కడ గిజిగాళ్ళు పోవు. డేగ ఉన్న గూట్లోనే అవీ ఉంటాయి, కొత్త గదులు కడతాయి, పిల్లల్ని లేపుతాయి.

మరి డేగ వాటిని తినదా అని మీరు అడగాలి. అడగండి. తింటుంది. రోజూ కాదు. దాని కడుపు నింపేవి ఎక్కువగా మిడతలు, పేడపురుగులు, బల్లులు, అప్పుడప్పుడు చిట్టెలుక. డేగ వాలిందంటే గిజిగాళ్ళు హెచ్చరిక కూత వేస్తాయి, కాసేపు అటూ ఇటూ ఎగిరి మళ్ళీ పనిలో పడతాయి. కానీ గూట్లో గిజిగాడి పిల్లలున్నప్పుడు డేగ ఒక్కోసారి గదిలోకి దూరి వాటిని ఎత్తుకుపోతుంది. నేను రెండుసార్లు చూశాను. రెండోసారి డేగ కాళ్ళలో ఉన్నదానికి ఇంకా ఈకలు రాలేదు, గులాబి రంగు ఒళ్ళు. తల్లి పిట్ట దాని వెనకే కొమ్మ దాకా వచ్చి ఆగిపోయింది. అద్దెకున్నవాడు ఇంటివాళ్ళ పిల్లాణ్ణి ఎత్తుకుపోవడం చూస్తే ఎవరికైనా కడుపు తరుక్కుపోతుంది. ఇక్కడ నేను తీర్పు చెప్పను. కానీ దాన్ని దాచిపెట్టి, ఆహా ఎంత చక్కటి స్నేహం అని మీకు కథ చెప్పడం కూడా నావల్ల కాదు.

పోనీ అద్దె కింద కాపలా కాస్తుందా? గూడు మీదికొచ్చే పామునేమైనా తరుముతుందా? చాలామంది అలాగే అనుకునేవాళ్ళు, నేనూ అనుకున్నాను. కలహారి గిజిగాళ్ళకి అసలు శత్రువు కేప్ కోబ్రా. మన నాగుపాము లాంటి త్రాచే, ఒళ్ళు పసుపు. అక్కడివాళ్ళు ఖీల్‌స్లాంగ్, పసుపు పాము అంటారు. అది మాను మీదుగా ఎక్కి, గూడు అడుగున వేలాడుతూ ఒక గదిలోకి తల దూర్చి, అది ఖాళీ చేసి, తర్వాతి గదికి పోతుంది. గుడ్లూ పిల్లలూ దాని నోట్లో పడేవే ఎక్కువ. ఒక డిసెంబరు సాయంత్రం అలాంటిది ఎక్కింది. వందల పిట్టలు గాలిలో అరుస్తున్నాయి. మన డేగల జంట పక్క కొమ్మ మీద కూర్చుని తలలు ఆడిస్తూ కీచుమంటున్నాయి. అంతే. ఒక్కసారి మగది దాని తల మీదుగా రివ్వున పోయింది, పాము ఆ సంగతి పట్టించుకోనే లేదు. అరవై గ్రాముల ప్రాణం మీటరున్నర త్రాచుని ఏం చేస్తుంది? చీకటి పడేదాకా నిలబడ్డాను. పాము ఎనిమిదో తొమ్మిదో గదులు చూసింది. కాపలా అనేమాట ఆ రోజు నుంచి నేను వాడటం మానేశాను.

అమ్మా, గుడ్డు మీ దాకా వచ్చిందా? పక్కకి ఇవ్వండి.

ఇదే చెట్టు మీద ఇంకో కాపురం కూడా ఉంది, అది చెప్పకపోతే అన్యాయం. ఇందాక డేగ పట్టిన బల్లి ఉందే, కలహారి చెట్టు బల్లి. దానికీ ఈ గూడే ఇష్టం. డేగ దాన్ని తింటుంది కదా, మరి డేగ ఉన్న చెట్టుని వదిలేసి వేరే చెట్టుకి పోవచ్చు కదా? పోదు. గూడున్న చెట్ల మీదే ఎక్కువగా ఉంటుంది. కేప్‌టౌన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఈ పిట్టల్ని, బల్లుల్ని ఏళ్ళ తరబడి గమనించారు. వాళ్ళు తేల్చింది నాకు చాలా నచ్చింది. బల్లి గిజిగాళ్ళ మాట వింటుంది. డేగ వస్తోందని గిజిగాళ్ళు కూత వేయగానే బల్లి అప్రమత్తమై బెరడు చాటుకో, గడ్డిలోకో తప్పుకుంటుంది. వందల జతల కళ్ళు తన తరఫున కాపలా కాస్తుంటే అది ధైర్యంగా మాను మీద ఎండ కాచుకుంటుంది. ఆ కూత తన కోసం వేసింది కాదు. అయినా వినడం నేర్చుకుంది. ఇది చదివాక మళ్ళీ ఆ చెట్టు కిందికి వెళ్ళి బల్లినే చూస్తూ కూర్చున్నాను. పిట్టల అరుపు మారగానే తల ఎత్తింది. నాకు ఒళ్ళు జలదరించింది.

డేగ ఉన్న గది ఏదో కనిపెట్టడం చాలా తేలిక. పిల్లలూ, ఈ ఫోటో చూడండి. కింద నుంచి తీసింది. ఈ గదులన్నీ గడ్డి రంగులో ఉన్నాయి. ఇక్కడ, ఈ ఒక్కదాని అంచు చుట్టూ సున్నం కొట్టినట్టు లేదూ? తెల్లగా, అక్కడక్కడ లేత గులాబి ఛాయతో. అది డేగ రెట్ట. గుమ్మం దగ్గరే వేస్తుంది, అది ఎండి పొరలు పొరలుగా పేరుకుని చాపలా తయారవుతుంది. మన పల్లెల్లో గడపకి సున్నం బొట్లు పెట్టినట్టు దూరం నుంచే తెలిసిపోతుంది. నాలుగైదు గూళ్ళు తిరిగితే ఒకదాంట్లో నాకు ఆ తెల్ల గడప కనపడేది. ఒక గూటికి సాధారణంగా ఒక్క డేగల కుటుంబమే.

కుటుంబం అని ఊరికే అనలేదు. ఆడదీ మగదీ మాత్రమే ఉంటాయనుకుంటాం. కొన్ని గూళ్ళలో ఒక ఆడదానికి తోడు ఒకటికి మించి మగవి ఉంటాయి, అన్నీ కలిసి పిల్లలకి మేత తెస్తాయి. వేటపక్షుల్లో ఇది అరుదు. రెండు నుంచి నాలుగు గుడ్లు, దాదాపు నెల రోజుల పొదుగు, ఇంకో నెలకి పిల్లలు గడప దాటుతాయి. అంత చిన్న గదిలో నాలుగు పిల్లలు ఎలా పడతాయో నాకిప్పటికీ ఆశ్చర్యమే.

చలికాలం సంగతి చెప్పి తీరాలి, ఎందుకంటే ఈ అద్దె గది విలువ అప్పుడే తెలుస్తుంది. ఒళ్ళు ఎంత చిన్నదైతే వేడి అంత త్వరగా పోతుంది. పెద్ద కుండలో అన్నం చాలాసేపు వేడిగా ఉంటుంది, చిన్న గిన్నెలోది నిమిషాల్లో చల్లారుతుంది. అరవై గ్రాముల డేగ సున్నా డిగ్రీల రాత్రి కొమ్మ మీద కూర్చుంటే తెల్లారేసరికి ఒంట్లో ఉన్న కొవ్వంతా కరిగిపోతుంది. 1970లలో ఈ గూళ్ళలో ఉష్ణోగ్రత కొలిచారు. చలి రాత్రుల్లో గిజిగాళ్ళు పడుకున్న గదులు బయటి కంటే 18 నుంచి 23 డిగ్రీలు వెచ్చగా ఉన్నాయి. ఆ మందపాటి గడ్డికప్పు, ఒకే గదిలో ఒత్తుకుని పడుకున్న నాలుగైదు ఒళ్ళు, రెండూ కలిసి చేసిన పని. ఎండాకాలం అదే కప్పు లోపల చల్లగా ఉంచుతుంది. పూరిల్లు ఎరిగినవాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

జులైలో ఒక సాయంత్రం పొద్దు వాలుతుంటే ఆ తెల్ల గడప కింద నిలబడ్డాను. ముందు ఆడది వచ్చింది, గడప పట్టుకుని వేలాడి లోపలికి దూరింది. తర్వాత బూడిద వీపుది ఒకటి. ఆ తర్వాత ఇంకోటి. నాలుగోది వచ్చి దూరబోతే లోపల చోటు లేనట్టు తోక బయటే ఉండిపోయింది. కాసేపు అలాగే వేలాడి, మెల్లగా మెల్లగా సర్దుకుని లోపలికి పోయింది. పగలు ఒక్కొక్కటీ ఒక్కో కొమ్మ మీద రాజులా కూర్చునేవి, రాత్రి ఒక పిడికెడు గదిలో నాలుగూ ఒకదాని మీద ఒకటి.

ఇప్పుడొక మ్యాపు చూపిస్తాను. ఆఫ్రికాలో ఈ డేగ రెండు చోట్ల ఉంది. ఒకటి ఈ దక్షిణపు ముక్క: దక్షిణాఫ్రికా వాయవ్యం, బోట్స్‌వానా, నమీబియా, కొంచెం అంగోలా. రెండోది ఇక్కడ, పైన: కెన్యా, టాంజానియా ఉత్తరం, ఇథియోపియా, సోమాలియా వైపు. మధ్యలో వెయ్యి కిలోమీటర్లకి పైగా ఒక్కటీ లేదు. దక్షిణం ముక్క మీద ఇప్పుడు సోషబుల్ వీవర్ ఉండే ప్రాంతం పరుస్తున్నాను. చూశారా? దాదాపు ఒకదాని మీద ఒకటి సరిపోయాయి. కెన్యా వైపు సోషబుల్ వీవర్ లేదు. అక్కడ తెల్లతల బఫెలో వీవర్ అని ముళ్ళకంపలతో గూడు పేర్చే ఇంకో గిజిగాడి చుట్టం ఉంది, డేగ దాని గూళ్ళలో కాపురం పెట్టింది. ఎక్కడికి వెళ్ళినా గిజిగాడి వంశమే దానికి ఇల్లు కట్టివ్వాలి. 1836లో ఆండ్రూ స్మిత్ అనే స్కాట్లాండ్ సైనిక వైద్యుడు, కేప్‌టౌన్ మ్యూజియాన్ని మొదట నడిపినాయన, దీనికి లాటిన్ పేరు పెట్టాడు. సెమిటార్క్వేటస్, సగం కంటెపట్టెడ ఉన్నది అని అర్థం. మెడ వెనక ఆ తెల్ల పట్టీ చూసి పెట్టాడు. నన్నడిగితే గూడుని బట్టి పెట్టేవాణ్ణి.

ఆ, అమ్మాయి చెయ్యెత్తింది. అడుగు తల్లీ. ... మన దగ్గర ఇలాంటివి ఉన్నాయా అని. ఇంత చిన్నవి హిమాలయాల అడుగున ఉండే అడవుల్లో ఉన్నాయి, ఫాల్కనెట్లు అంటారు. అవి చెట్టు తొర్రల్లో ఉంటాయి. మన కొత్తగూడెం చుట్టుపక్కల నువ్వు చూసే చిన్న డేగ శిక్రా, పావురం సైజుది, కానీ అది ఫాల్కన్ కాదు, గద్దల వైపుది, తన గూడు తనే పుల్లలతో కట్టుకుంటుంది. గిజిగాడి గూట్లో కాపురముండే డేగ మనకి లేదు. మంచి ప్రశ్న.

లెక్కల ప్రకారం ఈ బుల్లి డేగకి ఇప్పటికిప్పుడు ముప్పేమీ లేదు. అంతర్జాతీయ జాబితాలో ఆందోళన లేని జాతుల్లోనే ఉంది. అయినా నాకు టెన్షన్ ఎందుకంటే, దాన్ని కాపాడాలంటే దాన్ని కాపాడితే చాలదు. డేగకి గిజిగాడు కావాలి. గిజిగాడికి టన్ను బరువు మోసే కొమ్మ కావాలి. అంత కొమ్మ రావడానికి జిరాఫీ తుమ్మకి వందేళ్ళు పైన పడుతుంది.

ఆ తుమ్మ కట్టె అద్భుతంగా మండుతుంది. నిప్పు గంటల తరబడి నిలుస్తుంది. దక్షిణాఫ్రికాలో వారాంతం వచ్చిందంటే బ్రాయి, అంటే ఆరుబయట నిప్పుల మీద మాంసం కాల్చుకోవడం. పెట్రోలు బంకుల దగ్గర ఆ కట్టె సంచుల్లో అమ్ముతారు. నేనూ కొన్నాను. మొదటి మూడేళ్ళు ప్రతి శనివారం రెండు సంచులు. ఆదివారం పొద్దున వెళ్ళి ఏ చెట్టు కింద నిలబడి పరవశించేవాణ్ణో, ముందురోజు రాత్రి అదే చెట్టుని కాల్చేవాణ్ణి. రెంటికీ సంబంధం నాకు తట్టనేలేదు. ఒకరోజు సంచిలోంచి కట్టె తీస్తుంటే దాని పగులులో గడ్డిపోచలు ఇరుక్కుని కనపడ్డాయి. గుచ్చిన గడ్డి. చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాను. ఆ చెట్టు అక్కడ చట్టం రక్షించే చెట్టు, 1998 అడవుల చట్టం కింద. ఎండినదైనా సరే, లైసెన్సు లేకుండా కొట్టకూడదు. నా సంచులకి లైసెన్సు ఉందో లేదో నేనెప్పుడూ అడగలేదు. ఆ తర్వాత కొనలేదు. ఇది చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

కరెంటు స్తంభాల మీద కూడా గిజిగాళ్ళు కడతాయి, పెద్ద చెట్లు లేనిచోట ఇంకేం చేస్తాయి? వాన పడి గడ్డి తడిస్తే షార్ట్ సర్క్యూట్, నిప్పు. లైనువాళ్ళు లాగి పడేస్తారు. వాళ్ళ బాధ వాళ్ళది. ఏదైనా తీయాల్సి వస్తే చలికాలం రాత్రుల ముందు మాత్రం తీయకండి అని మేం నలుగురం వెళ్ళి బతిమాలాం. కొందరు విన్నారు.

చివరిగా ఆ మొదటి చెట్టు సంగతి చెప్పి దిగిపోతాను. నేను తిరిగి వచ్చే ఏడాది, మార్చిలో, మూడురోజులు గట్టి వాన కురిసింది. అక్కడ అంత వాన ఎప్పుడో గాని రాదు. గడ్డికప్పు నీళ్ళు పీల్చుకుని బరువెక్కింది, రాత్రి కొమ్మ విరిగింది. నేను వెళ్ళేసరికి వామి మొత్తం నేల మీద తిరగబడి ఉంది. పైకి చూసిన గదులు. పుట్టిన దగ్గర్నుంచి నేల వైపే చూసిన గుమ్మాలు మొదటిసారి ఆకాశం వైపు తెరుచుకుని ఉన్నాయి. వాటిలో తెల్ల గడప వెతికాను, దొరికింది. వంగి లోపలికి చూశాను. మిడత కాళ్ళు, బల్లి పొలుసులు, బూడిద రంగు ఈక ఒకటి. ఈక తెచ్చుకోలేదు, అక్కడే వదిలేశాను.

చుట్టూ నిశ్శబ్దంగా ఉంటుందనుకున్నాను. లేదు, అదే రైతుబజారు గోల. అదే చెట్టుకి అవతలి వైపు కొమ్మ మీద పది పదిహేను గిజిగాళ్ళు చేరాయి. ఒకటి గడ్డిపోచ తెచ్చింది. కొమ్మ పంగలో పెట్టింది, జారి పడింది. కిందికి దిగి మళ్ళీ తెచ్చింది, బెరడు పగులులో గుచ్చింది, ఈసారి నిలబడింది. ఇంకోటి పోచతో వచ్చింది.

కాస్త దూరంలో కంచె తీగ మీద తెల్లటి ముద్దలు రెండు కనపడ్డాయి. ఒకదాని వీపు ఇటుక రంగు. తలలు పైకీ కిందికీ ఆడిస్తూ ఆ కొమ్మ వైపే చూస్తున్నాయి.

నమస్కారం. ఆ గుడ్డు ఎక్కడిదాకా వచ్చిందో చూడండి.